మగలీ మార్సెలిన్ నడిపింది సత్రం కాదు

2010 జనవరి 12 హైతీ భూకంపం తర్వాత వచ్చిన నివాళుల్లో ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు కలిసే కనిపిస్తాయి: మిరియం మెర్లే, ఆన్ మరీ కొరియోలాన్, మగలీ మార్సెలిన్. ముగ్గురూ హైతీ మహిళా ఉద్యమంలో ముందు నడిచినవాళ్ళు. ముగ్గురూ ఆ భూకంపంలోనే పోయారు. మెర్లే కెనడాలో ఆర్థికశాస్త్రం చదివి తిరిగొచ్చి మహిళా మంత్రిత్వ శాఖలో పెద్ద హోదాలో పనిచేసింది. కొరియోలాన్ ‘సోఫా’ అనే మహిళా సంఘాన్ని పెట్టినవాళ్ళలో ఒకరు. ఇక మార్సెలిన్ గురించి దాదాపు అందరూ ఒకే వాక్యం రాశారు. న్యాయవాది, నటి, ‘కాయ్ ఫాన్మ్’ స్థాపకురాలు, ఆ సంస్థ దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు ఆశ్రయం ఇస్తుంది, బజారులో సరుకులమ్ముకునేవాళ్ళకు చిన్న అప్పులిస్తుంది. అంతే.

అలాంటి ఒక నివాళిని ఈమధ్య నా మిత్రుడికి పంపాను. జిల్లా కోర్టులో చాలా ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న మనిషి, మాట తిన్నగా అనేస్తాడు. చదివి ఫోన్ చేశాడు. “మంచి మనిషే, కాదనను. కానీ లాయరంటున్నారు, ఒక్క కేసు పేరైనా లేదేంటి? గెలిచిన తీర్పు ఏది? సత్రం నడిపినావిడకు దండం పెట్టొచ్చు గానీ, లాయర్ల లెక్కలో వెయ్యడం ఎందుకు?”

అతను ఎగతాళికి అనలేదు. వృత్తి మీద గౌరవం ఉన్నవాడు కాబట్టే అన్నాడు. లాయరు గొప్పతనం కోర్టులోనే తేలాలని అతని నమ్మకం, మనలో చాలామందికీ అదే నమ్మకం. హక్కుల లాయరు అనగానే సుప్రీంకోర్టు మెట్లు, కెమెరాలు, చారిత్రాత్మక తీర్పు అనే పదం గుర్తొస్తాయి. ఆ కొలబద్దతో చూస్తే మార్సెలిన్ లాయరు పనిని పక్కనపెట్టి సమాజసేవలోకి వెళ్ళిపోయినట్టే ఉంటుంది. నాకు మాత్రం, ఆమె ఉన్న దేశంలో ఆ ఇల్లూ, ఆ అప్పులూ నడపడమే వకాలతు అనిపిస్తుంది. కోర్టులో వాదించడం అందులో ఒక భాగం, అదీ చివరి భాగం. ఇలా ఎందుకు అనుకుంటున్నానో కొంచెం వివరంగా చెప్తాను. అనుమానాలు నాకూ ఉన్నాయి, వాటినీ దాచను.

చట్టం ఎవరిని చూసి రాశారు

హైతీ శిక్షాస్మృతి 1835 నాటిది, 1810 నాటి ఫ్రెంచి కోడ్ మీద ఆధారపడి రాసింది. నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం, ముప్పై ఏళ్ళు దాటేసరికి ఓడిపోయినవాడి చట్టాన్ని తెచ్చి పెట్టుకుంది. అందులో అత్యాచారం ఒక మనిషి మీద జరిగిన దాడి కాదు. నీతిమర్యాదలకు భంగం కలిగించే నేరాల పద్దులో ఉండేది. ఇదేదో పుస్తకాల్లో వర్గీకరణ గొడవ అనుకోవద్దు. నేరం మర్యాదకు సంబంధించిందయితే, మర్యాద నిలబెడితే కేసు తీరిపోయినట్టే కదా. అందుకే పల్లెల్లో, పేటల్లో కింది స్థాయి మేజిస్ట్రేట్లు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి ఇంత డబ్బు ఇప్పించేవాళ్ళు, లేదా అమ్మాయిని వాడికే ఇచ్చి పెళ్ళి చేయించేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో న్యాయం జరిగిపోయింది.

అదే స్మృతిలో 269వ అధికరణం ఉండేది. కాపురం చేసే ఇంట్లో భార్య పరాయివాడితో ఉండగా పట్టుకుని భర్త చంపేస్తే, ఆ హత్య మన్నించదగింది. భర్త వేరే ఆడదానితో పట్టుబడితే భార్యకు అలాంటి వెసులుబాటు లేదు. వ్యభిచారానికి భార్యకైతే 3 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు. మగవాడు ఉంపుడుగత్తెను తెచ్చి సొంత ఇంట్లోనే పెడితే తప్ప నేరం కాదు, పెట్టినా జరిమానాతో సరి.

పెళ్ళయిన ఆడది చట్టం దృష్టిలో 1982 దాకా మైనరు. ఆ ఏడాది అక్టోబరు 8న వచ్చిన డిక్రీ, అంటే పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వం నేరుగా ఇచ్చే ఆజ్ఞ, ఆమెను భర్తతో సమానం చేసింది. నాకు తికమకగా అనిపించేది ఇక్కడే. హైతీ పేద జనంలో ఎక్కువమంది చట్టప్రకారం పెళ్ళి చేసుకోరు. ‘ప్లసాజ్’ అని వాళ్ళ పద్ధతి ఒకటుంది. రిజిస్టరు ఉండదు, కాగితం ఉండదు, ఇద్దరూ కలిసి కాపురం పెడతారు, పిల్లల్ని కంటారు. కొందరు మగవాళ్ళకు ఊరికొక కాపురం ఉంటుంది. ఇలాంటి సంసారాల్లో ఉన్న లక్షల మందికి 1982 డిక్రీ ఏమిచ్చింది? భార్యగా హక్కు రావాలంటే ముందు భార్య కావాలి కదా. మహిళల చరిత్ర రాసేవాళ్ళు మైలురాయిగా రాసుకునే తేదీ, పొద్దున్నే బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు పోయే ఆడదాని గడప తొక్కలేదు.

మరి ఈ కోడ్‌ను బాగా చదివిన లాయరుకు ఏం తెలిసినట్టు? దేశంలో కాగితాలున్న కొద్దిమంది జీవితం తెలిసినట్టు. మిగతావాళ్ళ గురించి తెలియాలంటే వాళ్ళొచ్చి కూర్చునే చోటొకటి కావాలి.

ఒక ఫిర్యాదుకు ఎన్ని కావాలి

మొగుడు కొట్టాడు, లేదా పేటలో ఎవడో పాడుచేశాడు. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ఒక ఆడమనిషి ఫిర్యాదు చెయ్యాలనుకుంది. ముందు పోలీసుల దగ్గరికి పోవాలి. వాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ ఏదంటారు. సర్టిఫికెట్ లేకుండా కేసు తీసుకోకూడదని చట్టంలో లేదు, అయినా ఆచరణలో అది లేకపోతే పోలీసూ కదలడు, మేజిస్ట్రేటూ కదలడు. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడిన విషయాల్లో ఈ సర్టిఫికెట్ ఒకటి. అది ఉచితంగా ఇవ్వాలని, ఏ డాక్టరు రాసిచ్చినా చెల్లాలని. వినడానికి ఎంత చిన్న డిమాండు! ఊరేగింపులో బ్యానరు మీద రాస్తే ఎవరూ ఫొటో తియ్యరు. కానీ నూటికి ఎన్ని కేసులు ఆ కాగితం దగ్గరే ఆగిపోయి ఉంటాయో ఊహించుకోండి.

సర్టిఫికెట్ దొరికిందనుకుందాం. తర్వాత మేజిస్ట్రేటు. అక్కడ రికార్డు ఫ్రెంచిలో నడుస్తుంది. ఆమెకు తెలిసింది జనం మాట్లాడే క్రియోల్. 1987 రాజ్యాంగం క్రియోల్‌ను కూడా అధికార భాష చేసింది గానీ, కోర్టు కాగితం అంత తేలిగ్గా మాట మార్చుకోదు. తను ఏం చెప్పానని రాసుకున్నారో తెలియకుండానే వేలిముద్ర వేసే పరిస్థితి. ఆపైన వాయిదాలు. వాయిదాకు పోయిన రోజు బజారు పోతుంది, బజారు పోతే ఆ పూట పిల్లలకు తిండి పోతుంది.

వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఫిర్యాదు ఇచ్చిన రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? కొట్టినవాడి ఇంట్లోనేనా? పాడుచేసినవాడు తిరిగే సందులోనేనా?

దీన్ని నేను కొంచెం దగ్గరగా చూశాను, ఇక్కడే. మా దూరపు బంధువుల అమ్మాయికి తోడుగా ఒక కుటుంబ న్యాయస్థానానికి వెళ్ళినప్పుడు, వరండాలో పక్కన కూర్చున్నావిడ కథ విన్నాను. ఆమె లాయరు బాగానే వాదించాడట, మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చిందట. ఆ కాగితం తీసుకుని అదే ఇంటికి పోయింది, వేరే ఇల్లు లేదు కాబట్టి. నెల తిరిగేసరికి కేసు వెనక్కి తీసుకోవడానికి వచ్చింది. ఆమె లాయరు చిరాగ్గా “ఇట్లాంటి కేసులు తీసుకోకూడదండీ, మధ్యలో రాజీ పడిపోతారు” అంటున్నాడు. అతని బాధ అతనిది. కానీ ఆమె రాజీ పడింది వాదన బలహీనమయ్యా? పడుకోను చోటు లేక.

కాయ్ ఫాన్మ్ అంటే క్రియోల్‌లో ఆడవాళ్ళ ఇల్లు. 1980ల మధ్యలో మొదలైంది. నియంతలు దువాలియే తండ్రీకొడుకుల పాలన చివరి రోజులవి. మార్సెలిన్ ఆ ఇల్లు పెట్టింది ఈ లెక్క తెలిసే అని నా నమ్మకం. ఆశ్రయం ఉంటే ఫిర్యాదు నిలబడుతుంది. పక్కన తోడుగా ఒక మనిషి పోలీసు స్టేషనుకొస్తే ఫిర్యాదు రాసుకుంటారు. చేతిలో కాసింత పెట్టుబడి ఉంటే వాడి దగ్గరికి తిరిగి పోనవసరం లేదు. హైతీలో పల్లె నుంచి పట్నానికి సరుకు మోసేది, బజారును నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళే. ‘మదాన్ సారా’ అంటారు వాళ్ళను. బస్తాల మీద కూర్చుని లారీల్లో తిరుగుతారు, దారిలో దోపిడీలు, మధ్యలో వడ్డీ వ్యాపారులు. అలాంటి మనిషికి ఇచ్చిన చిన్న అప్పును నా మిత్రుడు సమాజసేవ పద్దులో రాస్తాడు. నేను దాన్ని సాక్షి రక్షణ పద్దులో రాస్తాను. సాక్షి ఆకలికి లొంగకుండా వాయిదాకు వచ్చేలా చూడడం లాయరు పనే కదా?

శిక్ష వెయ్యలేని కోర్టు

ఇప్పుడు 1997 గురించి చెప్పాలి. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

ముందు వెనకటి సంగతి. 1991 సెప్టెంబరు 30న సైన్యం, ఎన్నికైన అధ్యక్షుడు అరిస్టీడ్ ప్రభుత్వాన్ని కూలదోసింది. తర్వాతి మూడేళ్ళు సైన్యం, దాని అనుబంధంగా ‘ఫ్రాప్’ అనే పారామిలిటరీ ముఠా, పేదల పేటల్లో అత్యాచారాన్ని ఒక రాజకీయ ఆయుధంగా వాడాయి. అరిస్టీడ్ మనుషులు పారిపోతే వాళ్ళ భార్యల్ని, అక్కచెల్లెళ్ళని, తల్లుల్ని. 1994లో అరిస్టీడ్ తిరిగొచ్చాడు, మహిళా మంత్రిత్వ శాఖ కొత్తగా ఏర్పడింది, నిజనిర్ధారణ సంఘం పనిచేసి 1996లో నివేదిక ఇచ్చింది. అయితే కోర్టుల్లో? శిక్షాస్మృతి అదే, మేజిస్ట్రేట్లు వాళ్ళే, అత్యాచారం ఇంకా మర్యాద పద్దులోనే ఉంది.

1997 నవంబరులో కాయ్ ఫాన్మ్, ఇతర సంఘాలు కలిసి పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో మహిళలపై హింసకు ఒక అంతర్జాతీయ ట్రిబ్యునల్ నడిపాయి. అధికారం లేని ట్రిబ్యునల్. ఎవరికీ శిక్ష పడలేదు, వేసే వీలూ దానికి లేదు. ఆడవాళ్ళు వచ్చి చెప్పారు, విన్నారు, నమోదు చేశారు, చట్టంలో ఏమేం మారాలో సిఫార్సులు రాశారు.

దీని గురించి చెప్పినప్పుడు నా మిత్రుడు “నాటకం” అన్నాడు. అవును, నాటకమే. మార్సెలిన్ నటి కూడా అన్న సంగతి నివాళుల్లో ఏదో అలంకారంలాగా పడి ఉంటుంది. నాకు మాత్రం ఆమె రెండు విద్యలూ కలిసిన చోటు ఇదేననిపిస్తుంది. కోర్టులో ఏముంటుంది? ఎత్తైన కుర్చీ ఉంటుంది, అందులో కూర్చున్నవాడు వింటాడు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి, చెప్పిన ప్రతి మాటా రాసుకోవాలి. ఈ తతంగం మొత్తం ఆ ఆడవాళ్ళకు జీవితంలో ఒక్కసారి కూడా దక్కలేదు. అసలు కోర్టు దగ్గర వాళ్ళకు దక్కింది “మాట్లాడి సర్దుకోండమ్మా” అన్న మాట. శిక్ష వేసే అధికారం ఉండీ వినని కోర్టు ఒకటి, వినడం తప్ప ఏ అధికారమూ లేని కోర్టు ఒకటి. రెండోదాన్ని నాటకమంటే మొదటిదాన్ని ఏమనాలి?

కాయ్ ఫాన్మ్ వాడుకున్న డోలు బొమ్మ గురించి చనిపోవడానికి ముందు ఏడాది ఆమె ఒక ఇంటర్వ్యూలో మాట్లాడింది. హైతీ జనం మనసులో డోలు చప్పుడంటే స్వేచ్ఛ చప్పుడు, బానిసత్వాన్ని తెంచుకున్నవాళ్ళ చప్పుడు అన్న అర్థంలో చెప్పింది. 1791 తిరుగుబాటు డోళ్ళ మధ్య మొదలైందన్నది అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. ఆ బొమ్మను అత్యాచార బాధితుల సంస్థకు తగిలించడంలో ఒక తెలివి ఉంది. దేశమంతా గర్వపడే కథలో వీళ్ళకూ వాటా ఉందని, వీళ్ళ గొడవ ఆడవాళ్ళ చాటు గొడవ కాదని చెప్పడం. ఇది కూడా వాదనే.

అన్నీ డిక్రీలే

2005 జులై 6న చట్టం మారింది. అత్యాచారం మనిషి మీద నేరమైంది, పదేళ్ళ కఠిన శిక్ష వచ్చింది, బాధితురాలు పదిహేనేళ్ళలోపు పిల్లయితే ఇంకా ఎక్కువ. 269లోని మొగుడి మినహాయింపు పోయింది. వ్యభిచారం నేరాల జాబితాలోంచే పోయింది. 1997 సిఫార్సులకూ దీనికీ మధ్య ఎనిమిదేళ్ళు.

ఇక్కడ నాకు నిజంగా ఇబ్బందిగా ఉండే సంగతి ఉంది. ఆ మార్పు పార్లమెంటు చేసింది కాదు. 2004 ఫిబ్రవరిలో అరిస్టీడ్ మళ్ళీ పదవి పోగొట్టుకుని దేశం దాటాక, ఎవరూ ఎన్నుకోని తాత్కాలిక ప్రభుత్వం ఇచ్చిన డిక్రీ అది. వెనక్కి తిరిగి చూస్తే 1982 డిక్రీ ఇచ్చింది నియంత జాన్ క్లోడ్ దువాలియే. స్త్రీల ఓటు 1934లో ఏర్పడిన మహిళా సామాజిక కార్యాచరణ లీగ్ పోరాటం వల్ల వచ్చిందే అయినా, 1950 రాజ్యాంగంలోకి ఎక్కింది ఒక సైనిక కుట్ర తర్వాత. ఆడవాళ్ళు మొదటిసారి అధ్యక్షుడి కోసం ఓటేసిన 1957 ఎన్నికల్లో గెలిచింది తండ్రి దువాలియే. గెలిచిన కొద్ది నెలలకే, 1958 జనవరిలో, అతని ముసుగు మనుషులు యివోన్ హకీమ్-రింపెల్ అనే మహిళా పాత్రికేయురాలిని ఇంట్లోంచి ఎత్తుకుపోయి హింసించి రోడ్డు పక్కన పడేశారు. ఆమె ఆ లీగ్ సభ్యురాలే.

హైతీలో ఒక సామెత ఉంది: రాజ్యాంగం కాగితం, బాయ్‌నెట్ ఇనుము. హైతీ ఆడవాళ్ళకు కాగితం మీద హక్కులు ఇచ్చిన చేతులు చాలాసార్లు ఇనుము పట్టుకున్నవే.

మహిళా సంఘాల మీద వచ్చిన అతి పెద్ద విమర్శ ఇక్కడే మొదలవుతుంది. 2003లో కాయ్ ఫాన్మ్‌తో సహా పేరున్న మహిళా సంఘాలు అరిస్టీడ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలబడ్డాయి. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఆ ప్రభుత్వం అండదండలున్న ముఠాలు ఊరేగింపుల మీద పడి కొట్టేవి. కానీ అరిస్టీడ్ వెనక ఉన్నది మురికివాడల పేదలు. అతను పోయాక ఆ వాడల్లో జరిగిన దారుణాల మీద ఈ సంఘాల గొంతు మునుపటంత గట్టిగా లేదని వామపక్షం వైపు నుంచి చాలామంది అన్నారు. 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సర్వే, తాత్కాలిక ప్రభుత్వం ఉన్న 22 నెలల్లో పోర్ట్-ఓ-ప్రిన్స్ ప్రాంతంలో సుమారు 35,000 మంది మహిళల మీద లైంగిక దాడులు జరిగాయని అంచనా వేసింది. ఆ సర్వే పద్ధతి మీద, చేసినవాళ్ళ రాజకీయాల మీద పెద్ద రభసే జరిగింది. అంకెలో సగం కొట్టేసినా మిగిలేది చిన్నది కాదు.

మార్సెలిన్ గురించి రాసేవాళ్ళు ఈ భాగం దాటేస్తారు. చనిపోయినవాళ్ళ గురించి ఎందుకని. నేను దాటెయ్యను. ఎందుకంటే నా వాదనకు అసలు పరీక్ష ఇదే. రాజకీయంగా ఆ సంఘాలు వేసిన అడుగు తప్పా ఒప్పా అన్నది హైతీవాళ్ళు ఇంకా తేల్చుకోలేదు, ఇంత దూరం నుంచి నేను తీర్పు చెప్పడం అతి అవుతుంది. కానీ ఒకటి గమనించాను. ప్రకటనలు ఎటు మొగ్గినా, ఇంటి తలుపు తట్టినవాళ్ళను ఏ పార్టీ అని అడిగే వీలుండదు. కొట్టిన మొగుళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉంటారు. ప్రెస్‌మీట్‌లో వేసుకున్న పక్షం కన్నా గడప దగ్గర పాటించిన నియమం నాకు ఎక్కువ నమ్మదగిందిగా కనిపిస్తుంది. డిక్రీ ఇచ్చినవాడి చేతులు మంచివి కాకపోయినా, ఇచ్చాక దాన్ని పట్టుకుని పోలీసు స్టేషను మెట్లెక్కే మనుషులు ఉన్నారా లేదా అన్నదే నా ప్రశ్న. 1982లో అలాంటి మనుషులు లేరు. 2005లో ఉన్నారు, వాళ్ళు ఎక్కువగా ఈ ఇళ్ళలోంచి వచ్చారు.

ప్రభుత్వం చెయ్యాల్సిన పని కదా

ఇంకో అనుమానం. హైతీని ఎన్జీవోల గణతంత్రం అని వెక్కిరిస్తారు. బడి, ఆసుపత్రి, మంచినీళ్ళు, అన్నీ విదేశీ విరాళాల మీద నడిచే సంస్థలే. ఆశ్రయ గృహం కూడా వాళ్ళే నడిపితే ప్రభుత్వం ఎప్పటికి నేర్చుకుంటుంది? లాయరన్నవాళ్ళు ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టి పని చేయించాలి గానీ, దాని పని తనే నెత్తినేసుకుంటే ఎలా? ఇది మా మిత్రుడి రెండో వాదన, మొదటిదానికంటే బలమైంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చరిత్ర చెప్పేది మాత్రం ఉంది. హైతీ మహిళా నేతలు ప్రభుత్వాన్ని వదిలెయ్యలేదు. మంత్రిత్వ శాఖ కావాలని అడిగి తెచ్చుకున్నారు, మెర్లే, కొరియోలాన్ అందులో పనిచేశారు. మార్సెలిన్ బయట ఉండిపోయింది. లోపల ఇద్దరు, బయట ఒకరు. ఒక ఉద్యమానికి ఇది మంచి పంపకమే అనిపిస్తుంది. ఆ జనవరి సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు లోపలా బయటా ఒక్కసారే కూలిపోయాయి. అధ్యక్ష భవనం, న్యాయ భవనం, మంత్రిత్వ శాఖలు. మృతుల అంకె మీద ఇప్పటికీ వివాదమే. ప్రభుత్వం 3 లక్షల పైమాటే అంది, మిగతా అంచనాలు అందులో సగానికీ, ఇంకా కిందికీ ఉన్నాయి. సుమారు 15 లక్షల మంది గుడారాల్లోకి వచ్చారు.

గుడారాల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. గుడ్డ గోడలు, దీపాల్లేని సందులు, తాళం వెయ్యడానికి తలుపే లేదు. మళ్ళీ అత్యాచారాలు. అప్పుడు ముందుకొచ్చినవాళ్ళలో ‘కోఫావివ్’ అనే సంఘం ఒకటి. 1990ల్లో సైన్యం, ఫ్రాప్ చేతుల్లో నలిగిన పేద ఆడవాళ్ళు మాల్యా విలార్-అపోలోన్, ఎరామిత్ దెల్వా వంటివాళ్ళు 2004లో పెట్టుకున్నది. వాళ్ళూ గుడారాల్లోనే ఉన్నారు. ఈలలు పంచారు, టార్చిలైట్లు పంచారు, రాత్రి కాపలాలు పెట్టారు, దెబ్బతిన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించారు. లాయర్లతో కలిసి అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు పిటిషను వేశారు. 2010 డిసెంబరులో కమిషన్ హైతీ ప్రభుత్వానికి తక్షణ చర్యలు సూచించింది. శిబిరాల్లో దీపాలు పెట్టండి, గస్తీ తిప్పండి, వైద్యం అందించండి, శిబిరాల మీద నిర్ణయాలు తీసుకునే చోట ఈ ఆడవాళ్ళనూ కూర్చోబెట్టండి.

ఆ సూచనలు చదువుతుంటే నాకు ముచ్చటేసింది. ఒక అంతర్జాతీయ హక్కుల సంస్థ ఉత్తర్వులో వీధిదీపం ఒక హక్కుగా కూర్చుంది. అది కోర్టు తెలివి కాదు, గుడారంలో పడుకున్నవాళ్ళ తెలివి. ఈల, టార్చిలైటు, డాక్టరు కాగితం, ఒక గది, సరుకు కొనుక్కోవడానికి ఇంత డబ్బు. మార్సెలిన్ ఇరవై ఏళ్ళకు పైగా చేసిన పని జాబితా ఇదే, వేరే మనుషులు వేరే చోట తిరిగి రాసుకున్నారు. ఎన్జీవో ప్రభుత్వం పని చేసిపెడుతోంది అన్న విమర్శ ఇక్కడ కొంచెం తేలిపోతుందనుకుంటాను. ముందు వీళ్ళు చేసి చూపించారు కాబట్టే, ప్రభుత్వాన్ని ఏం అడగాలో పిటిషన్‌లో రాయగలిగారు.

కోర్టే లేకపోతే

కాయ్ ఫాన్మ్ ఆమెతో పోలేదు. తర్వాతి ఏళ్ళలో యోలెట్ ఆంద్రే జాంతీ దాని గొంతుగా నిలిచింది. 2014లో పితృత్వ చట్టం వచ్చింది. పెళ్ళి బయట పుట్టిన పిల్లలకూ తండ్రి మీద సమాన హక్కులు వచ్చాయి. ప్లసాజ్ కాపురాల గడప తొక్కిన చట్టం ఇది, అదీ పిల్లల దాకానే. తల్లికి ఇంటి మీద, పొలం మీద ఏ హక్కూ ఇంకా కాగితం మీదికి రాలేదు. 2020లో అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్ 1835 నాటి శిక్షాస్మృతికి బదులు కొత్తది ప్రకటించాడు, అదీ డిక్రీతోనే, చర్చిలు గగ్గోలు పెట్టాయి, అమలు వాయిదా పడింది. మరుసటేడు జులైలో అతన్ని ఇంట్లోనే చంపేశారు.

2022 జూన్‌లో రాజధానిలో ప్రధాన న్యాయస్థాన భవనాన్ని ఒక సాయుధ ముఠా ఆక్రమించుకుంది. జడ్జీలు, గుమస్తాలు రావడం మానేశారు. ఫైళ్ళు ధ్వంసమయ్యాయి. ఆ ఫైళ్ళలో ఎవరెవరి కేసులున్నాయో, డాక్టరు సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు తిరిగి తెచ్చుకున్నవో. ఈ సంగతి చెప్పినప్పుడు మా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. ఏ లాయరుకైనా ఫైళ్ళు పోవడం అంటే ఏమిటో తెలుసు. తర్వాత అన్నాడు, “అయితే మరి అక్కడ లాయరు ఏం చేస్తాడు?”

ఇప్పుడు ఆ నగరంలో ఎక్కువ భాగం ముఠాల చేతిలో ఉంది. లక్షల మంది మళ్ళీ ఇళ్ళొదిలి బళ్ళలో, చర్చి ఆవరణల్లో తలదాచుకుంటున్నారు. సామూహిక అత్యాచారం మళ్ళీ ఆయుధమైంది, ఈసారి పేటను లొంగదీసుకోవడానికి. అక్కడి మహిళా సంఘాలు ఇప్పుడు చేస్తున్నది మళ్ళీ అవే పనులు. డెబ్భై రెండు గంటల్లోపు మందులు అందేలా ఆసుపత్రికి చేర్చడం, తల దాచుకునే చోటు చూడడం, జరిగింది జరిగినట్టు తేదీతో సహా రాసిపెట్టడం. రాసిపెట్టినవి ఏ కోర్టులో దాఖలు చేస్తారో ఎవరికీ తెలియదు. నా మిత్రుడు దీన్ని వకాలతు అని ఒప్పుకోడు, వకాలతుకు ముందు పని అంటాడు. సరే, అతను పెట్టుకున్న పేరుతోనే అడుగుతాను: ఈ ముందు పని చేసేవాళ్ళు లేకపోతే, రేపు ఆ భవనం తిరిగి జడ్జీల చేతికొచ్చిన రోజున మొదటి ఫైలు ఎవరు తెస్తారు?